దువ్వెన పళ్లు ఎటు?

ఫోన్ మోగేసరికి నేను తూకం మిషన్ మీద నిలబడి ఉన్నాను. పెళ్లయ్యాక ఎంత పెరిగానో చూసుకుందామని, ఆరోగ్య కేంద్రంలో ఎవరూ లేని మధ్యాహ్నం వేళ చెప్పులు విప్పి మరీ ఎక్కాను. నలభై ఒక్క రోజులకి కిలోన్నర. దిగకుండానే ఫోన్ ఎత్తాను.

"అమ్మాయ్, కూర్చుని విను," అంది డాక్టరమ్మ.

"కూర్చున్నాను మేడమ్," అన్నాను, మిషన్ మీదే నిలబడి.

"కళ్ల పరీక్షల లెక్క తేలింది. ఇరవై రెండు స్కూళ్లలో నీ స్కూలే ఫస్ట్. నూట ఎనభై ఆరు మంది పిల్లల్లో ఒక్కరికీ చూపు లోపం లేదు. శనివారం మీటింగులో సర్టిఫికెట్ ఇస్తారట. స్టేజీ మీదకి నిన్నూ పిలుస్తారు."

నేను ఎగిరి గంతేశాను. కింద మిషన్ ముల్లు గిలగిల కొట్టుకుంది.

"ఏంటా చప్పుడు?"

"ఏం లేదు మేడమ్, కుర్చీ."

"సరే. నీ ఆర్నెల్ల ట్రయల్ సంగతి కూడా ఆ రోజే తేల్చేస్తాను. ఇక నువ్వు మా మనిషివే అనుకో. అద్దాల బండికి జాబితా రేపు సాయంత్రం అయిదింటికి పంపేస్తున్నాను. నీ స్కూలు నుంచి ఒక్క పేరూ లేదు కాబట్టి నీకు ఆ పనీ లేదు. ఇవాళ పెందలాడే ఇంటికెళ్లు. కొత్త పెళ్లికూతురివి."

అద్దాల బండి ఏడాదికి ఒకసారి వస్తుంది. అందులోనే డాక్టరు, అందులోనే అద్దాలు. జాబితాలో పేరున్న స్కూలుకి వెళ్లి, పేరున్న పిల్లల కళ్లు కొలిచి, అక్కడికక్కడే కళ్లజోడు పెట్టి పంపుతారు. పేరు లేకపోతే మళ్లీ ఏడాది దాకా అంతే. ఆ పేర్లు రాసే పని నాలాంటి వాళ్లది. మా పేటలో స్కూలుకీ ఇళ్లకీ తిరుగుతూ పిల్లల బరువులు, పళ్లు, గోళ్లు, కళ్లు చూసి, తల్లులకి నాలుగు మాటలు చెప్పడం నా ఉద్యోగం. చదివిన డిగ్రీకి తగ్గ ఉద్యోగం దొరికిందని, దొరికిన నెలకే పెళ్లి కుదిరిందని నా కాళ్లు ఆ మధ్య నేల మీద నిలవడం లేదు.

పెందలాడే బయలుదేరాను. గోడకి తగిలించిన కళ్ల పరీక్ష పటాన్ని గుండ్రంగా చుట్టి చంకలో పెట్టుకున్నాను, రేపు స్టోరులో అప్పజెప్పాలని. దారిలో మా ఆయన పనిచేసే ప్రింటింగ్ ప్రెస్ వస్తుంది. రాకపోయినా ఆ దారినే వెళ్లేదాన్ని.

ఆయన కటింగ్ మిషన్ దగ్గర పెళ్లి కార్డులు కోస్తున్నాడు. సోడాబుడ్డి కళ్లజోడు ముక్కు చివరికి జారింది. మిషన్ల హోరులో చెవి దగ్గర అరిచి చెప్పాల్సి వచ్చింది.

"ఫస్టా? అబ్బో! అయితే నిన్ను 'మీరు' అనాలా ఇక నుంచి?" అని అరిచాడు తనూ.

"శనివారం దాకా నువ్వు అనొచ్చు. పర్మిషన్ ఇస్తున్నా."

పక్క మిషన్ దగ్గరి పెద్దాయన మా వైపు చూసి, "ఇంట్లో సరిపోవడం లేదా మాటలు?" అన్నాడు. ఇద్దరం సిగ్గుపడ్డాం. మా ఆయన నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ, కళ్లజోడు పైకి తోసుకుని ఒక్క మాటన్నాడు.

"నూట ఎనభై ఆరు మందిలో ఒక్కరికీ లేదా? మా క్లాసులో నలభై మందిమి ఉండేవాళ్లం. అందులో నలుగురం సోడాబుడ్లమే."

"మీ క్లాసు అలాంటిది మరి," అన్నాను నవ్వేసి.

నవ్వాను గానీ, ఆ మాట చెప్పులో దూరిన గులకరాయిలా వెంటే వచ్చింది. కూరగాయల బండి దగ్గర ఆగాను, ఏం కొనాలో తోచలేదు. గ్యాస్ కట్టేశానా లేదా అన్నట్టు ఉంది, పొద్దున నేను అసలు పొయ్యి వెలిగించకపోయినా. కాలేజీలో లెక్కల పేపర్లో సున్నా జవాబు వస్తే మళ్లీ చేసి చూడమనేవారు. ఇక్కడ సున్నా మంచిదేగా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. అయినా నడక వేగం పెరిగింది.

మా వీధి మొదట్లో పిల్లలు సుద్దతో గళ్లు గీసుకుని గెంతుతున్నారు. నడుమ పిచ్చుక. కింది వాటాలో బట్టలు కుట్టే అక్క కూతురు అది, నాలుగో తరగతి. అసలు పేరు ఎవరూ పిలవరు. నేను ఆ ఇంట్లో దిగిన రోజే నాకు 'పిన్ని' అని ప్రమోషన్ ఇచ్చేసింది. ఇరవై మూడేళ్లకే పిన్నినయ్యానని మొదటి రోజు ఉసూరుమన్నా, ఇప్పుడు ఆ పిలుపు వినపడకపోతే తోచదు.

చేతులు తిప్పుతూ అందరూ పాడుతున్నారు.

"పైకీ, కుడీ, కిందికీ, కుడీ! ఎడమా, పైకీ, ఎడమా!"

పైకి అన్నప్పుడు చేతులు ఆకాశం వైపు, కుడి అన్నప్పుడు కుడికి. ఎంత ముద్దుగా ఉందంటే నేను పటం గోడకి ఆన్చి, చెప్పులు విప్పేసి గళ్లలో దూకాను. రెండు గంతులకే తప్పాను. పిల్లలు గోల చేశారు.

"పిన్నికి రాదు! పిన్నికి రాదు!"

పిచ్చుక మాత్రం ఒక్క మాట తప్పలేదు. కానీ మూడో గంతుకే కాలు గీత అవతల పడింది.

"అవుటే!"

"ఏదీ, గీత ఎక్కడుందే?" అని వంగి, దాదాపు నేలకి ముక్కు ఆనించి చూసింది పిచ్చుక. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చల్లబడుతుంది.

పైకి వచ్చి తాళం తీశాను. మా తాళానికి రెండు చెవులు, ఒకటి ఆయనకి, ఒకటి నాకు. నా చెవి తిప్పిన ప్రతిసారీ సరదాగా ఉంటుంది. ఆ వేళ మాత్రం తలుపు సగం తీసి, పటం కిందే మర్చిపోయానని మళ్లీ మెట్లు దిగాను. పటం తెచ్చాను. టీకి నీళ్లు పెట్టాను. కొత్త కప్పులు రెండూ దించి, మళ్లీ ఎక్కించి, మళ్లీ దించాను. నోట్లో ఆ పాటే ఆడుతోంది. పైకీ, కుడీ, కిందికీ, కుడీ. నీళ్లు మరుగుతున్నాయి. ఎడమా, పైకీ, ఎడమా.

ఎక్కడో విన్నాను దీన్ని. వీధిలో కాదు, అంతకు ముందే.

స్టవ్ కట్టేసి పటం విప్పాను. చదువు రాని పిల్లలు కూడా చెప్పగలిగేలా మా పటంలో అక్షరాలు ఉండవు. మూడు పళ్ల దువ్వెన లాంటి బొమ్మే అంతా. పై వరసలో పెద్దది, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. పళ్లు ఒక్కోటి ఒక్కో వైపుకి. ఆరు మీటర్ల దూరంలో నిలబెట్టి, ఒక కన్ను మూయించి, దువ్వెన పళ్లు ఎటు ఉన్నాయని అడుగుతాం. వేలు పెట్టి అన్నిటికన్నా కింది వరస చూశాను.

పైకి. కుడి. కిందికి. కుడి. ఎడమ. పైకి. ఎడమ.

మంచం మీద కూలబడ్డాను, వెంటనే లేచాను. పరీక్షకి మూడు రోజుల ముందే ఆ పటాన్ని స్కూలు వరండాలో తగిలించింది నేను. "పిల్లలు భయపడకుండా కాస్త అలవాటు చేయండి మాస్టారూ," అని డ్రిల్లు మాస్టారికి చెప్పింది నేను. ఆ తర్వాత రెండు రోజులు నూట ఎనభై ఆరు మంది నా కర్ర ఆ వరస మీద పడీ పడకముందే టకటకా చెబుతుంటే, ఎంత చురుకైన పిల్లలో అని మురిసిపోయిందీ నేనే. పైగా నా కర్ర ఏ రోజూ వరస తప్పలేదు.

కింది నుంచి అక్క గొంతు వినిపించింది.

"బోర్డు మీద రాసింది రాసుకోడానికి ఏం రోగమే? సగం పేజీ ఖాళీ! కళ్లు లక్షణంగా ఉన్నాయని ఆఫీసు వాళ్లే రాసిచ్చారు కదా! ఇక బద్ధకం కాకపోతే ఏంటి?"

తర్వాత చిన్న చప్పుడు, వీపు మీద చెయ్యి పడినట్టు.

నాలుగు మెట్లకి ఒక అడుగు వేస్తూ కిందికి దిగాను. అక్క కుట్టు మిషన్ ముందు కూర్చుని ఉంది. పిచ్చుక గోడకి అతుక్కుని నోటుబుక్కు గుండెకి పట్టుకుంది. మిషన్ పైన బీరువా తలుపుకి మైదాతో అంటించి ఉంది చీటీ. 'చూపు బాగుంది.' కింద నా సంతకం. పెళ్లయ్యాక కొత్తగా దిద్దుకున్న సంతకం అది, చివర పొడుగాటి తోకతో. ఆ తోక బాగా కుదిరే దాకా ఒక కాగితం నిండా ప్రాక్టీస్ చేశాను.

"రామ్మా, చూడు నీ శిష్యురాల్ని," అంది అక్క. "ఇదివరకు పోనీలే, కళ్లు ఆనవేమో అని ఊరుకునేదాన్ని. నీ చీటీ వచ్చాక తెలిసింది దీని వేషాలన్నీ."

గుమ్మంలో మా ఆయన స్కూటర్ ఆగింది. చేతిలో తెల్ల అట్టల కట్ట, కార్డులు కోయగా మిగిలిన ముక్కలు. సరుకుల చీటీలకి పనికొస్తాయని అప్పుడప్పుడు తెస్తాడు.

"ఒకటి ఇవ్వండి," అన్నాను. "పెన్ను కూడా."

నేను 'అండి' అన్నానంటే విషయం పెద్దదని ఆయనకి తెలుసు. మారు మాట్లాడకుండా ఇచ్చాడు. అట్ట మీద పటంలో కింది వరస అంత దువ్వెన ఒక్కటే గీశాను, నల్లగా. అక్క దగ్గరి టేపుతో ఆరు మీటర్లు కొలిచాను. మిషన్ దగ్గర నుంచి సరిగ్గా గేటు దాకా వచ్చింది. పిచ్చుకని మిషన్ పక్కన నిలబెట్టి, నేను గేటు దగ్గర అట్ట పైకెత్తాను.

"ఎడమ కన్ను మూసుకో. దువ్వెన పళ్లు ఎటున్నాయి?"

పిచ్చుక కన్ను మూసుకుంది. మెడ ముందుకి చాచింది.

"ఇది ఎన్నో లైను పిన్నీ?"

"లైనేం లేదురా. ఒక్కటే దువ్వెన."

"లైను చెప్తే చెప్పేస్తాను."

చివరికి తనే ధైర్యం తెచ్చుకుని మొదలుపెట్టింది. "పైకి, కుడి, కిందికి, కుడి..."

నా చేతిలోని అట్ట మీద పళ్లు ఎడమకి ఉన్నాయి. కాసేపయ్యాక దాన్ని కిందికి తిప్పాను. పిచ్చుక ఇంకా చెబుతూనే ఉంది. "ఎడమ, పైకి, ఎడమ. కరెక్టేనా పిన్నీ?"

అక్క కాలు మిషన్ తొక్కుడు మీద ఆగిపోయింది.

ఒక్కో అడుగే ముందుకి వేస్తూ వచ్చాను. నాలుగు మీటర్ల దగ్గర అడిగాను, మూడు దగ్గర అడిగాను. రెండు మీటర్ల దగ్గర పిచ్చుక మొహం విప్పారింది. "ఆ, ఇప్పుడు కనిపించింది! కిందికి!"

"ఎవరు నేర్పారే నీకు ఆ లైన్లు?" అక్క గొంతులో ఇందాకటి కోపం లేదు.

"డ్రిల్లు మాస్టారు. అసెంబ్లీ అయ్యాక రోజూ రెండు సార్లు. తప్పు చెప్పిన వాళ్లు గ్రౌండు చుట్టూ ఒక రౌండు. నేను ఒక్క రౌండు కూడా కొట్టలేదు," అంది గర్వంగా.

అక్క దాన్ని దగ్గరికి లాక్కుని, ఇందాక కొట్టిన చోటే వీపు నిమిరింది. నా వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టినా బాగుండేది.

పైకి వచ్చి డ్రిల్లు మాస్టారికి ఫోన్ చేశాను. ఆయన హాజరు పుస్తకాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని పేర్లు పిలిచే మనిషి. మంచివాడు. విజిల్ లేకుండా ఆయన్ని చూసిన వాళ్లు లేరు.

"మీరేగా అమ్మా అలవాటు చేయమన్నారు?" అన్నాడు.

"భయం పోయేలా అలవాటు చేయమన్నాను మాస్టారూ. జవాబులు కాదు."

"పరీక్ష అన్నారు కదమ్మా! ముప్ఫయ్యేళ్లుగా ఏ పరీక్షలోనూ నా పిల్లల్ని ఫెయిల్ కానివ్వలేదు. చివరి లైను దాకా రావాలని ఒకటో తరగతి వాళ్ల చేత కూడా..." అక్కడ ఆగిపోయాడు. ఎక్కడో విజిల్ బల్ల మీద పెట్టిన చప్పుడు. "అంటే మన దాంట్లో నిజంగా కనిపించని వాళ్లు ఎంతమంది ఉంటారంటారు?"

"తెలీదు మాస్టారూ. తెలుసుకోడానికే కదా ఆ పరీక్ష."

ఫోన్ పెట్టేసి గదిలో అటూ ఇటూ తిరిగాను. మా గది ఈ చివర నుంచి ఆ చివరికి పదకొండు అడుగులు. అప్పటికి ఆరయింది. మా ఆయన నేను వదిలేసిన టీ పెట్టి, కొత్త కప్పుల్లో పోసి, నా వెనకే కప్పు పట్టుకుని తిరిగాడు.

"కాస్త నిలబడవే, ఒలుకుతోంది."

"జాబితా రేపు వెళ్లిపోతుంది. డాక్టరమ్మకి చెబితే శనివారం పోతుంది, ట్రయల్ పోతుంది. చెప్పకపోతే పిచ్చుక ఇంకో ఏడాది..."

"సోమవారం చెబితే?"

"బండి రాదు."

ఆయన కప్పు కిటికీలో పెట్టి, కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచాడు. కళ్లజోడు లేకపోతే ఆయన మొహం చిన్నపిల్లాడిలా ఉంటుంది.

"నేను అయిదో క్లాసు దాకా బస్సు నంబరు చదవలేకపోయేవాణ్ని," అన్నాడు. "పక్కవాడు ఏది ఎక్కితే అది ఎక్కేసేవాణ్ని. ఒక రోజు ఎవడో కొత్తవాడి వెనకాల ఎక్కి ఊరవతల బస్సు డిపోలో తేలాను."

ఎప్పుడూ లేనంత నవ్వొచ్చింది నాకు. "తర్వాత?"

"తర్వాతేముంది, మా నాన్న వెతుక్కుంటూ వచ్చి, డిపోలోనే వాయించాడు. కళ్లు నెత్తికెక్కాయా అని."

నవ్వు ఆగిపోయింది. ఫోన్ తీశాను.

డాక్టరమ్మ మొత్తం విన్నది. చివరికి, "చీటీల మీద సంతకం ఎవరిది?" అంది.

"నాదే మేడమ్."

"రిపోర్టు మీద నాది కూడా ఉంది. మనమే ఫస్టని గంట క్రితం పై ఆఫీసుకి నేనే ఫోన్ చేసి గొప్పలు పోయాను." ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "శనివారం సంగతి నేను చూసుకుంటాను. నీ ట్రయల్ గురించి మాత్రం ఇప్పుడేమీ చెప్పలేను. వాళ్లేమంటారో."

"సరే మేడమ్."

"జాబితా అయిదింటికి. అయిదుంపావు అంటే నేను ఆగను. నూట ఎనభై ఆరు మందిని ఒక్క రోజులో ఎలా చేస్తావు?"

అప్పటి దాకా నాకూ తెలీదు. మా ఆయన నేల మీద కూర్చుని, అట్టల కట్ట విప్పి, స్కేలు పెట్టి దువ్వెనలు గీస్తున్నాడు. పెద్దది ఒకటి, మధ్యస్తం ఒకటి, చిన్నది ఒకటి. అంచులు ప్రెస్సులో కోసినంత తిన్నగా ఉన్నాయి.

"అట్టలతో చేస్తాను మేడమ్. చేతిలో తిప్పుతూ అడుగుతాను. వరస ఉండదు, బట్టీ పట్టడానికేమీ ఉండదు. పొద్దున్నే మొదలుపెడితే పన్నెండు లోపు అయిపోతుంది."

"పన్నెండున్నరకి నేను వస్తాను. అనుమానం ఉన్నవాళ్లని మళ్లీ చూస్తాను," అని పెట్టేసింది. కోపమో కాదో తేలలేదు. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

కిందికి వెళ్లాను. అక్క బీరువా తలుపు మీది చీటీని గోరుతో మెల్లగా ఊడదీస్తోంది. మైదా గట్టిగా పట్టుకుంది, ఒక మూల చిరిగింది.

"ఇచ్చెయ్యక్కా, చింపేస్తాను."

"చింపడమెందుకు? రేపు దీని వెనకాలే సరిగ్గా రాసివ్వు," అంది. అప్పుడు చూసింది నా వైపు. "ఇలా ఇంకెంతమంది తల్లులం ఉన్నామో ఈ వీధిలో, చీటీ చూసి పిల్లల్ని బాదినవాళ్లం."

"అందుకే నీ సాయం కావాలి. బట్టలకి వచ్చే వాళ్లందరికీ ఈ సాయంత్రమే చెప్పు. చీటీలు పట్టుకుని పిల్లలతో పాటు స్కూలుకి రమ్మను. కళ్లజోడు పెడితే ఏమవుతుందో, ఏమవదో అక్కడే నేను చెబుతాను. అనుమానాలుంటే మా ఆయన్ని చూపిస్తాను."

"బాబాయ్‌ని ఎందుకు?" అంది పిచ్చుక.

"కళ్లజోడు పెట్టుకున్నా పెళ్లవుతుందని," అంది అక్క. ఆ సాయంత్రం మొదటిసారి నవ్వింది.

ఫోన్ మోగింది. డ్రిల్లు మాస్టారు. ఈసారి గొంతులో విజిల్ ఉన్నంత ఉత్సాహం. "అమ్మా, ఏం చేయాలో చెప్పండి. పిల్లల్ని నేను చూసుకుంటా. ఒక్కడి నోట్లోంచి ఒక్క జవాబు కూడా బయటికి రానివ్వను."

ఆయనతో మాట్లాడుతూనే అక్కడున్న వాళ్లందరికీ వినపడేలా చెప్పేశాను. కాళ్లు మొదటిసారి ఒకచోట నిలబడ్డాయి.

"రేపు ఏడింటికి స్కూలు గేటు తీయించండి మాస్టారూ. పిల్లలంతా క్లాసుల్లో తలుపులేసి ఉండాలి. ఒక్కొక్కరే వరండాలోకి రావాలి. అయిపోయిన వాళ్లు అటు తలుపు నుంచి గ్రౌండులోకి. మా ఆయన సగం రోజు సెలవు పెట్టి పేర్లు రాస్తాడు."

"నేనా?" అన్నాడు మా ఆయన మెట్ల మీద నుంచి.

"నువ్వే. రౌండ్లు కొట్టించడం లేదు, కనపడకపోతే కనపడలేదని చెప్పమనండి మాస్టారూ. అలా చెప్పిన వాళ్లకే చప్పట్లు."

పిచ్చుక నా చెయ్యి లాగింది. "మొదట ఎవరు పిన్నీ?"

"మొదట నువ్వు," అన్నాను. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాను. "రెండోది మీరు మాస్టారూ. హాజరు పుస్తకం కూడా తెచ్చుకోండి, చెయ్యి చాచకుండా చదువుదురు గానీ. ఏడింటికి."